భుజం మీది బంతి

రోజర్ ఫెదరర్‌ను ఓడించే కిటుకు రఫెల్ నాదల్ ఎన్నడూ దాచుకోలేదు. ఎడమచేతి ఫోర్‌హ్యాండ్‌తో టాప్‌స్పిన్ దట్టించి బంతిని అతని ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కే పంపేవాడు, విసుగు లేకుండా. పారిస్ ఎర్రమట్టి మీద అది భుజం దాటి లేచేది. రెండు చేతులవాడైతే రెండో చెయ్యి ఆసరాతో అణిచేస్తాడు. ఒంటిచేతివాడికి నడుము దగ్గరున్న బలం భుజం ఎత్తులో రాదు. వెనక్కి జరిగి స్లైస్ చేస్తే, ఆ మెత్తటి బంతి నాదల్‌కు విందుభోజనం. 2006 నుంచి 2008 దాకా మూడు ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్స్ ఇలాగే పోయాయి. 2007 వింబుల్డన్ తర్వాత 2017 దాకా గ్రాండ్‌స్లామ్‌లలో నాదల్ మీద ఫెదరర్ మళ్లీ గెలిచిందే లేదు.

మోకాలి ఆపరేషన్ అయిన 2016లో, వింబుల్డన్ ముగిశాక ఫెదరర్ ఆరు నెలలు ఆటకు దూరమయ్యాడు. అప్పటికి కోచ్‌గా ఇవాన్ ల్యుబిచిచ్ ఉన్నాడు. అతనిదీ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండే. 2017 జనవరి 29న, 35 ఏళ్ల వయసులో, 17వ సీడ్‌గా మెల్‌బోర్న్‌లో నాదల్‌తో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌కు దిగిన ఫెదరర్‌ను చూస్తే తేడా ముందు కాళ్లలోనే కనబడింది. బేస్‌లైన్ వదిలి వెనక్కి పోవడం లేదు. బంతి నేలను తాకి ఇంకా పైకి లేస్తుండగానే, భుజం దాకా రాకముందే కొట్టేస్తున్నాడు. ఎడమ చెయ్యి రాకెట్ మెడ పట్టుకుని వెనక్కి లాగుతుంది, ఆ లాగడంతోనే కుడి భుజం నెట్ వైపు తిరుగుతుంది. సమయం తక్కువ కనుక ఆ లాగడమూ పొట్టిదే. కుడిపాదం కన్నా ముందే బంతి తగలాలి. కొట్టాక ఎడమ చెయ్యి వెనక్కి చాపి ఉంచాలి, లేకుంటే ఛాతీ తొందరపడి తెరుచుకుంటుంది, బంతి దారి తప్పుతుంది.

ఈ మార్పు ఘనతంతా పెద్ద రాకెట్‌దే అనేవాళ్లున్నారు. 90 చదరపు అంగుళాల పాతదాన్ని అతను 2014లోనే పక్కన పెట్టాడు; అయినా ఆ జనవరిలో అదే మెల్‌బోర్న్‌లో నాదల్ చేతిలో వరుస సెట్లలో ఓడాడు. రాకెట్ సాయపడి ఉండొచ్చు గానీ, నా ఓటు కాళ్లకే.

2017 ఫైనల్ ఐదో సెట్‌లో 1-3తో వెనకబడి, వరుసగా ఐదు గేమ్‌లు లాక్కున్నాడు: 6-4, 3-6, 6-1, 3-6, 6-3. అది అతని 18వ గ్రాండ్‌స్లామ్ టైటిల్. ఆ ఏడాది ఇండియన్ వెల్స్, మయామి, షాంఘైలలోనూ నాదల్‌ను ఓడించాడు.

ఇంత పకడ్బందీ టైమింగ్ పిల్లలకు అబ్బేదాకా ఎన్ని మ్యాచ్‌లు ఓడాలో! అందుకే చాలామంది కోచ్‌లు రెండు చేతులే పట్టిస్తున్నారు. 2024 ఫిబ్రవరిలో పురుషుల టాప్ 10లో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆటగాడు ఒక్కడూ లేడు. 1973లో ర్యాంకింగులు మొదలయ్యాక అదే తొలిసారి.