నొగ మీది బరువు

కొత్తకోట మీదుగా సాగే హైదరాబాదు–బెంగళూరు రహదారిపై ట్రాలీ లాగే ట్రాక్టరును చూసినప్పుడల్లా నాకు ఎద్దుబండే గుర్తుకొస్తుంది. రెండు చక్రాల బండికి ఇరుసే త్రాసు. సరుకు మరీ ముందుకు జరిగితే కాడి ఎద్దుల మెడలను అదుముతుంది. వెనక్కి జరిగితే నొగ పైకి లేచి మెడతాళ్ళు గొంతుకు బిగుస్తాయి. కాస్తంత ముందు మొగ్గు ఉంచడమే బండివాని విద్య.

జంతుహింస నివారణ చట్టం (1960) కింద 1965లో వచ్చిన నిబంధనలు, మధ్యరకం ఎద్దు ఒక్కటే లాగే రెండు చక్రాల బండికి గాలి టైర్లుంటే 1050 కిలోలు, లేకుంటే 700 కిలోలు మించరాదన్నాయి. మొత్తం బరువును తూచారు, సంతోషమే. మెడమీద ఎంత పడాలన్న లెక్క మాత్రం ఆ పట్టికకు ఎక్కలేదు!

ఆ లెక్కను అమెరికాలో కార్లకు ఇంటివంటి ట్రైలర్లు తగిలించేవారు వేసుకుంటారు. ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతం కొక్కెంపై పడాలి. తగ్గితే ట్రైలరు తోకలా ఊగుతుంది. ఆ పాలు పడ్డా కారు వెనుక కుంగి, ముందు చక్రాలు తేలిపోవచ్చు. అందుకని తగిలించక మునుపే ముందు చక్రం పైభాగపు ఎత్తు కొలుచుకొని, తగిలించాక స్ప్రింగు కడ్డీలను బిగిస్తూ ఆ ఎత్తును దాదాపు మునుపటి కొలతకు తెస్తారు. కొక్కెం మీది బరువులో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలరు ఇరుసుకు చేరుతుంది.

ఎద్దుబండిలో ఆ పని బస్తాలు సర్దే చేతిది. చేయి పొరబడితే వాచేది ఎద్దు మెడ.