కుశస్థలీ తీరము: పెరిగిన జనము, తరిగిన జలము

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల చరిత్ర రాజులతోను, ఆలయములతోను మొదలు కాలేదు; నీటితో మొదలైనది. తెలుగువారు కుశస్థలి అనియు, తమిళులు కొసస్తలై అనియు పిలుచు నదికి చేరువలో అత్తిరంపాక్కం అను చిన్న గ్రామమున్నది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అచ్చట ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొనెను. వానిలో అతి ప్రాచీనమైనవి దాదాపు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. అంతటి పురాతన కాలముననే మనుష్యులను ఆకర్షించిన ఈ నేల, గడచిన నూరేండ్లలో నీటి కొరకు వెదకికొను స్థితికి ఎట్లు వచ్చినది? ఈ ప్రాంతపు విద్యార్థులు తెలిసికొనవలసిన చరిత్ర ఇది.

ఇచ్చట జీవనదులు లేవు. ఈశాన్య ఋతుపవనము తెచ్చు వాన కొన్ని వారములలో కురిసి వెళ్ళిపోవును. అందువలన పూర్వులు పల్లెపల్లెకు చెరువు త్రవ్వించి, ఒక చెరువు అలుగు పారిన నీరు దిగువ చెరువును చేరునట్లు గొలుసుగా అమర్చిరి. కట్ట మరమ్మతు, కాలువల పూడికతీత ఊరందరి ఉమ్మడి బాధ్యత. దీనినే కుడిమరామత్తు అనిరి. తిరుత్తణిలోని శరవణప్పొయ్‌గై, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి ఆలయపు హృత్తాపనాశిని పుణ్యతీర్థములు మాత్రమే కావు. వాననీటిని నిలుపు నెలవులు కూడ.

ఈ సమతూకమును మొదట కదలించినది స్థానిక జనాభా కాదు, పొరుగు నగరము. 1872లో మదరాసుకు నీరందించుటకై తామరపాక్కం ఆనకట్ట నుండి కుశస్థలి నీటిని చోళవరం, పుళల్ చెరువులకు మళ్ళించిరి. 1901లో 5 లక్షల 9 వేలున్న నగర జనాభా 1941 నాటికి 7 లక్షల 77 వేలైనది. నగర మేయరు సత్యమూర్తి కృషి ఫలితముగా పూండి జలాశయ నిర్మాణము సాగి 1944లో పూర్తియైనది. అప్పటికే ఆయన దివంగతుడు. సుందరమూర్తి నాయనారు కీర్తించిన ఊండ్రీశ్వరస్వామి ఆలయము ముంపునకు లోనగుటచే దానిని మెరక ప్రదేశమునకు తరలించిరి. నగరపు దాహము తీర్చుటకు దేవుడు సైతము చోటు మారవలసివచ్చినది.

ఉపరితల జలము చాలనప్పుడు నగరము భూగర్భము వైపు చూచినది. 1960ల చివరి నుండి తామరపాక్కం, పంజెట్టి, మీంజూరులలో బోరుబావుల క్షేత్రములు వెలసినవి. వాన నింపు దానికంటె ఎక్కువ నీటిని తోడగా తీరమునందు మంచినీటి మట్టము దిగజారి, ఆ ఖాళీలోనికి సముద్రజలము చొచ్చుకొనివచ్చినది. మీంజూరు పరిసరములలో అనేక బావులు ఉప్పునీటి పాలైనవి. భూగర్భజల వినియోగ నియంత్రణకు 1987లో ప్రత్యేక చట్టము చేయవలసివచ్చినది. తరువాతి కాలమున కరవు ఏండ్లలో రైతుల బావులనే అద్దెకు తీసికొని నగరమునకు నీరు పంపిరి. బావి గల రైతుకు ఆదాయము వచ్చినది. భూమిలేని కూలికి మాత్రము పొలము పని పోయినది.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిది. సరిహద్దు మారినను నీటి బంధము మారలేదు. చిత్తూరు కొండలలో పుట్టిన నగరి ఏరు పూండి వద్దనే కుశస్థలిలో కలియును. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందము మేరకు కృష్ణాజలములు 1996లో కండలేరు కాలువ ద్వారా పూండి చేరినవి. తిరువళ్ళూరు జిల్లా 1997లో ఏర్పడినది. 2001లో 27 లక్షల 54 వేలున్న జిల్లా జనాభా 2011లో 37 లక్షల 28 వేలకు పెరిగినది. పదేండ్లలో 35 శాతము పెరుగుదల ఇది.

ఇందులో ఒక విషయము గమనార్హము. తమిళనాడులో స్త్రీకి సగటున కలుగు సంతానము ఇద్దరికి లోపే. కనుక ఈ వృద్ధికి కాన్పులను మాత్రమే కారణముగా చెప్పుట తగదు. నగరము విస్తరించి, పరిశ్రమలు వెలసి, ఉపాధికై జనము తరలివచ్చుట ప్రధాన కారణము. పొలములు ఇండ్ల స్థలములైనవి; వరవు కాలువలు పూడినవి; నీటిని పట్టియుంచు నదిలోని ఇసుక తరలిపోయినది. 2015లో వరద ముంచెత్తగా, నాలుగేండ్లకే 2019లో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయములు దాదాపు ఎండి, జోలార్‌పేట నుండి చెన్నైకి రైలులో నీరు తేవలసివచ్చినది. వాన లేకపోవుట ఒక కారణమైనను, కురిసిన వానకు నిలుచు చోటు లేకపోవుట మరియొక కారణము.

జనసంఖ్య పెరుగుట ఒక్కటే ఆపద కాదు. పెరిగిన జనము తమ చెరువును మరచుటయే అసలు ఆపద. 2003లో తమిళనాడు ప్రతి గృహమునను వాననీటి సేకరణను తప్పనిసరి చేసినది. చట్టము చేయగలిగినది అంతవరకే. ఊరి చెరువు తూము ఎచ్చట, అలుగు ఎచ్చట, పారిన నీరు ఏ ఊరికి పోవును అని చెప్పగల బాలబాలికలున్నంత కాలము కుశస్థలీ తీరమునకు ఆశ మిగిలియుండును.