గ్యాస్ అనే మాట ఎక్కడిది?



పసుపు తవ్వే రోజులొస్తే మా ఆర్మూరు చుట్టూ కొమ్ములు ఉడికే వాసనే. కాగులోంచి లేస్తున్న ఆవిరిని చూసి పక్కింటి పిల్ల "అత్తా, ఇది గ్యాసేనా?" అని అడిగింది. పొయ్యికి గ్యాస్, కడుపులో గ్యాస్, గొప్పలు చెప్పేవాడు కొట్టేదీ గ్యాసే! జవాబు చెప్పబోయి నేనే ఆలోచనలో పడ్డాను.

ఆవిరి చల్లని మూతకు తగిలితే మళ్ళీ నీళ్ళే. గాలి అలా కాదు, మూత పెట్టినా గాలిగానే ఉంటుంది. ఈ తేడా పట్టుకుని గ్యాస్ అని పేరు పెట్టినవాడు వాన్ హెల్మాంట్ అనే బ్రస్సెల్స్ వైద్యుడు. ఆయన 1644లో పోయాడు. రాతలన్నీ కొడుకు 1648లో అచ్చు వేయించాడు. 62 పౌనుల ఓక్ బొగ్గు కాలిస్తే ఒక్క పౌను బూడిద మిగిలిందని అందులో రాశాడు. మరి తక్కినదేమయింది? మనమైతే కాలిపోయిందని బూడిద ఎత్తి పారబోసి ఊరుకుంటాం. ఆయన ఊరుకోలేదు. కంటికి కనపడక, పాత్రలో ఇమడక పోయేది ఏదో ఉందన్నాడు. సృష్టికి ముందున్న గందరగోళాన్ని గ్రీకులు కేయాస్ అంటారు. ఆయన భాషలో గ అక్షరాన్ని గొంతులోంచి ఖ లాగా పలుకుతారు. అలా కేయాస్ కాస్తా గ్యాస్ అయింది. జత మాటగా బ్లాస్ అని ఇంకొకటి కూడా కల్పించాడు గాని, దాన్ని ఎవరూ ఆదరించలేదు పాపం.

మనవాళ్ళు వాయువు అన్నారు. 'వా' అంటే వీచడం. సిలిండరులో బిగించి పెట్టినదానికి వీచేదని పేరు! అయినా నాకీ మాటే ఇష్టం. ఆమ్లజని అంటే పులుపును పుట్టించేది, ఉదజని అంటే నీటిని పుట్టించేది. ఫ్రెంచివారు పెట్టిన పేర్లకు ఇవి సరైన అర్థాలే. పులుపుకు ఆమ్లజని అక్కర్లేదని తరువాత తేలినా పేరు మాత్రం నిలిచిపోయింది.

హెల్మాంట్ బొగ్గులోంచి పోయినదాన్ని మన పాత పుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్నాయి. ద్రాక్షరసం పులిసేటప్పుడు వచ్చేదీ అదేనని ఆయన గుర్తించాడు. మన ధాన్యం పాతరల్లో అడుగున చేరేదీ అదే. గింజలు కూడా ఊపిరి తీస్తాయి కదా! గాలికన్నా బరువు కనుక పైకి రాదు. పాతర తెరిచిన వెంటనే మనిషిని దింపేవారు కాదని, ముందు తాడు కట్టి లాంతరు దింపేవారని మా అత్తమ్మ చెప్పేది. లాంతరు ఆరితే ఆ పూటకు పని బందు. తెలియక దిగినవాడు కూలబడితే, వాణ్ణి తీయబోయి రెండోవాడూ పడేవాడు. లోపల దయ్యముందనేవారట.

సెప్టిక్ ట్యాంకుల దగ్గర మాత్రం ఈ లాంతరు పరీక్ష చేయకండి. అక్కడ దీపం వెలుగుతున్నా మనిషిని చంపే గాలి ఉంటుంది, అంటుకుని మండేదీ ఉంటుంది.