పాలపళ్ళ వయసులో దవడ విరిగితే

దాదాపు 3,600 ఏళ్ల నాటి ఈజిప్టు వైద్యగ్రంథం ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో దవడ ప్రస్తావన ఉంది. కీలు తప్పిన దవడను నోట్లో బొటనవేళ్ళు పెట్టి ఎలా సరిచేయాలో అందులో చెప్పారు. అదే ఎముక విరిగి, పైన గాయమై, జ్వరం కూడా వస్తే మాత్రం వైద్యం చేయవద్దన్నారు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాలు మరో అడుగు ముందుకేశాయి. విరిగిన చోట పళ్ళను బంగారు తీగతోనో దారంతోనో కలిపి కట్టమన్నాయి.

వయసును బట్టి వైద్యం మారాలన్న మాట మన సుశ్రుత సంహితలో కనిపిస్తుంది. దెబ్బ తగిలి కదిలిన పళ్ళను పడుచువాడికైతే లోపలికి నొక్కి నిలబెట్టమని, కలువ తూటితో పాలు తాగించమని చెబుతుంది. ముసలివాడికి ఆ శ్రమ వద్దంటుంది. నమలకుండా ఆహారం అందించాలన్న ఆ ఆలోచన ఎంత ముందుచూపో!

1887లో అమెరికా వైద్యుడు థామస్ గిల్మర్ కింది పళ్ళను పై పళ్ళకు తీగతో బిగించే పద్ధతిని వివరించాడు. పెద్దలకది వరమైంది. పిల్లల నోట్లో మాత్రం కుదరలేదు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా కొన్ని పళ్ళు ఊడి, కొన్ని సగమే మొలిచి ఉంటాయి. పొట్టి పాలపళ్ళ మీద తీగ నిలవదు, జారిపోతుంది. అందుకే వైద్యులు పంటి అచ్చు తీసి, ఆ నమూనాను విరుపు దగ్గర కోసి, పళ్ళు సరిగ్గా కలిసేలా మళ్ళీ అతికించి, దాని మీద యాక్రిలిక్ తొడుగు చేయడం మొదలుపెట్టారు. దాన్ని పళ్ళపై తొడిగి, ఎముక చుట్టూ తిప్పిన తీగతో కడతారు. పిల్లల ఎముక త్వరగా అతుకుతుంది గనుక సాధారణంగా రెండు మూడు వారాల్లో తీసేయవచ్చు. విరిగిన ఎముకను స్క్రూలతో బిగించే లోహపు పలకలు వచ్చాక కూడా ఈ తొడుగు అవసరం తీరలేదు. స్క్రూ దిగాల్సిన చోటే శాశ్వత దంతాల మొగ్గలుంటాయి మరి.

అసలు చిక్కు విరుపును కనిపెట్టడంలోనే ఉంది. చిన్నపిల్లల ఎముక పచ్చికొమ్మలా వంగి ఒక పక్కే చిట్లుతుంది. ఎక్స్‌రేలో దంతమొగ్గల నీడలు ఆ గీతను కప్పేస్తాయి. ఫిన్లాండ్‌కు చెందిన పాటెరో రూపుదిద్దిన పనోరమిక్ ఎక్స్‌రే, ఆ తర్వాత సీటీ స్కాన్ వచ్చాకే చెవి ముందరి కీలు స్పష్టంగా కనబడింది. గడ్డానికి తగిలిన దెబ్బ ఎముక వెంట పాకి అక్కడ విరుస్తుంది. గడ్డానికి కుట్లు వేసి ఇంటికి పంపిన పిల్లల్లో కొందరికి తర్వాత కీలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు, దవడ ఎదుగుదల ఆగిపోతుంది. సకాలంలో కనిపెడితే చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు. మెత్తని ఆహారం, అవసరమైతే కొద్దిరోజుల కట్టు, ఆపై నోరు తెరిచే వ్యాయామం చాలు.

పిల్లవాడు గడ్డం మీద పడితే కుట్లతో ఊరుకోకండి. నోరు పూర్తిగా తెరుస్తున్నాడా, పళ్ళు మునుపటిలా కలుస్తున్నాయా అని డాక్టరు చేత పరీక్ష చేయించండి.