పాత ఫోటోలో ఒక చెక్కచట్రపు ఇల్లు



ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ అనే ఊళ్లో, హెన్లీ వీధిలో ఒక పాత ఇల్లుంది. 1564లో షేక్స్‌పియర్ పుట్టింది ఆ ఇంట్లోనే అంటారు. ఓక్ దూలాలతో చట్రం నిలబెట్టి, దూలాల సందుల్లో తడికలు అల్లి, వాటికి మట్టి మెత్తిన ఇల్లది. తడిక గోడకు మట్టి మెత్తడం ఎరిగిన మనకు ఆ పద్ధతి కొత్త కాదు. పోస్టుకార్డు మీద దాన్ని చూస్తే ఎవరికైనా ‘ఇల్లంటే ఇలా ఉండాలి’ అనిపిస్తుంది.

అయితే 1850ల నాటి ఫోటోలో కనిపించే ఇల్లు వేరు. అటూ ఇటూ ఇరుగుపొరుగు ఇళ్లు ఆనుకుని ఉన్నాయి. ఒక భాగానికి ఇటుక ముఖం. అది బాటసారులకు బస, మద్యం దొరికే చోటు. ఇంకో భాగం మాంసం కొట్టు.

మహాకవి ఇల్లు అలా ఎందుకు మారిందంటారా? అది మొదటినుంచీ పనిపాటల ఇల్లే. షేక్స్‌పియర్ తండ్రి చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు. ఆయన తర్వాత ఒక భాగాన్ని బసకు అద్దెకిచ్చారు. 1806లో కుటుంబంవారు ఇంటిని ఒక మాంసం వ్యాపారికి అమ్మేశారు. 1847లో అది వేలానికి వస్తే, ప్రజలు చందాలు వేసుకుని 3,000 పౌన్లకు కొన్నారు. చందాల కోసం పాటుపడినవారిలో నవలాకారుడు డికెన్స్ కూడా ఉన్నాడు.

తర్వాత 1857 నుంచి 1864 దాకా మరమ్మతులు జరిగాయి. నిప్పు అంటుకుంటుందేమోనని పక్క ఇళ్లు పడగొట్టారు. 1769 నాటి ఒక బొమ్మను చూసి, ఇటుక ముఖం తీసేసి, పైకప్పు కిటికీలు మళ్లీ కట్టారు. అగ్నిభయం తగ్గింది, ఇరుగుపొరుగు పోయారు. ఇప్పుడు పోస్టుకార్డు మీద మనం చూసేది అలా తిరిగి కట్టిన ముఖమే.

అలా కట్టడం తప్పని నేననను. కొనకపోతే ఆ ఇల్లు ఏమయ్యేదో! కాని ఇల్లు అనే మాటకు గుర్తుగా ఒక్కటే ఎంచుకోమంటే, నేను ఆ పాత ఫోటోనే ఎంచుకుంటాను. కాపురం ఉన్నవాళ్లు తమ అవసరం కొద్దీ మార్చుకున్న ఇల్లది. ఇటుక ముఖం పెట్టుకున్నా లోపలి పాత దూలాలు నిలిచే ఉన్నాయి.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనల్ని ‘మీ అసలు ఊరేది?’ అని అడుగుతుంటారు. మన తెలుగులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో కలిసిందని నవ్వుతుంటారు. అందుకు మీ పిల్లలు చిన్నబుచ్చుకుంటే ఈ ఫోటో సంగతి చెప్పండి. తరతరాలుగా మనం కాపురమున్న ఇల్లు మన భాష. గోడలు కొన్ని మారాయి. దూలాలు మనవే.