విద్యాలయానికీ కర్మాగారానికీ నడుమ: ఐరోపాలో పారిశ్రామిక పిహెచ్‌డిలు

మన పల్లెలలో పిహెచ్‌డి అనగానే గుర్తుకు వచ్చేది విశ్వవిద్యాలయ గ్రంథాలయం, ఏళ్ళ తరబడి సాగే పరిశోధన, ఏ నెల అందుతుందో తెలియని ఉపకార వేతనం. ఐరోపాలో ఇందుకు భిన్నమైన మార్గం ఒకటి ఉన్నది. అక్కడ పరిశోధక విద్యార్థి సగం కాలం విశ్వవిద్యాలయంలోనూ, తక్కిన సగం ఒక పరిశ్రమలోనూ గడుపుతాడు. అతనికి ఇచ్చేది భిక్షవంటి భత్యం కాదు, ఒప్పంద పత్రంతో కూడిన జీతం. ఆ ఖర్చును ఐరోపా సమాఖ్య ఖజానా భరిస్తుంది. ఈ ఏర్పాటును పారిశ్రామిక డాక్టరేటు అంటారు. ఇది మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పేరిట నడిచే పథకాలలో ఒక భాగం. సరిహద్దు జిల్లాల నుండి ఎం.టెక్., ఎం.ఎస్సీ. చదివి బయటికి వెళ్ళే పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు గనుక, ఈ పథకం కథను, దాని లోతుపాతులను వివరంగా చెప్పుకోవడం అవసరం.

ముందు పేరు సంగతి. మేడమ్ క్యూరీ 1867లో వార్సాలో జన్మించింది. ఆ నగరం అప్పుడు రష్యా సామ్రాజ్యం ఏలుబడిలో ఉండేది. బడులలో పోలిష్ భాషకు చోటు లేదు, విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. రహస్యంగా ఇండ్లలో నడిచిన 'ఎగిరే విశ్వవిద్యాలయం'లో ఆమె పాఠాలు విన్నది. ధనవంతుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పి, అక్క వైద్యవిద్యకు డబ్బు పంపి, చివరికి 1891లో పారిస్ చేరింది. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన బాధ హోసూరు, బళ్ళారి, రాయగడ పాఠకులకు వేరుగా వివరించనక్కరలేదు. 1903లో ఆమె డాక్టరేటు పొందింది, అదే ఏడు నోబెల్ బహుమానంలో భాగస్వామి అయింది. 1911లో రెండవ నోబెల్ లభించింది. మనకు ఇక్కడ ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉన్నది. రేడియం కోసం టన్నుల కొద్దీ ముడిఖనిజపు మడ్డిని శుద్ధి చేయడం ప్రయోగశాలలో తెమిలే పని కాదు. అందువల్ల ఒక రసాయన సంస్థ సాయం తీసుకున్నారు. 1904లో ఆర్మే ద లీల్ అనే పారిశ్రామికుడు పారిస్ చెంత నోజాన్‌లో రేడియం కర్మాగారమే నెలకొల్పాడు. క్యూరీ దంపతులు మాత్రం తమ పద్ధతిపై పేటెంటు తీసుకోలేదు. పరిశోధకుల పథకానికి ఆమె పేరు పెట్టడం ఆలంకారికం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఈ పథకం 'మేరీ క్యూరీ' పేరుతో 1996లో మొదలయింది. ఆమె పోలెండు మూలాన్ని గౌరవిస్తూ 2014లో 'స్క్లొడోవ్‌స్కా' అనే పుట్టింటి పేరును కలిపారు. 1996 నుండి ఇప్పటివరకు లక్ష మందికి పైగా పరిశోధకులు దీనివల్ల లబ్ధి పొందారు. 2021 నుండి 2027 వరకు నడిచే 'హొరైజన్ యూరప్' కార్యక్రమంలో దీనికి కేటాయించిన మొత్తం సుమారు 660 కోట్ల యూరోలు.

పరిశ్రమ ఇందులోకి ఎందుకు వచ్చినట్లు? 1995లో ఐరోపా కమిషన్ నవకల్పన గురించి ఒక హరితపత్రం వెలువరించింది. మా శాస్త్రజ్ఞులు గొప్పగా పరిశోధిస్తున్నారు, కాని ఆ ఫలితాన్ని సరుకుగా మార్చి అమ్ముకునేది అమెరికా, జపానులు అన్నది అందులోని ఆవేదన. దీనికే 'ఐరోపా వైపరీత్యం' అని పేరు వచ్చింది. 2002లో బార్సిలోనాలో సమావేశమైన సమాఖ్య నాయకులు జాతీయోత్పత్తిలో 3 శాతం పరిశోధనకు వెచ్చించాలని, అందులో మూడింట రెండు వంతులు ప్రైవేటు రంగం నుండి రావాలని 2010ని గడువుగా పెట్టుకున్నారు. ఆ గమ్యం అప్పుడూ అందలేదు, ఈనాటికీ సమాఖ్య సగటు దానికి దిగువనే ఉన్నది. డబ్బు కంటె మనుషులే అసలు వంతెన అన్న ఆలోచన బలపడింది ఈ నేపథ్యంలోనే. పిహెచ్‌డి పూర్తి చేసినవారిలో చాలామందికి విశ్వవిద్యాలయాలలో స్థిరమైన కొలువులు దొరకవన్నది కూడా అందరికీ తెలిసిన నిజమే. అలాంటప్పుడు కర్మాగారపు పద్ధతులు పట్టా చేతికి వచ్చాక కాక, చదువు నడుస్తుండగానే నేర్పడం మేలు కదా. 2012లో 'ఐరోపా పారిశ్రామిక డాక్టరేట్లు' ప్రయోగాత్మకంగా ఆరంభమయ్యాయి. అప్పట్లో ఒక దేశపు విశ్వవిద్యాలయం, మరొక దేశపు కంపెనీ కలిస్తే చాలు. 2021 నుండి ఇవి 'డాక్టొరల్ నెట్‌వర్కులు' అనే పెద్ద గొడుగు కిందికి వచ్చాయి.

ఇప్పటి నిర్మాణం ఇది. కనీసం మూడు వేర్వేరు దేశాలలోని మూడు స్వతంత్ర సంస్థలు కూటమిగా ఏర్పడాలి. అవి సమాఖ్య సభ్యదేశాలలోనివి గాని, ఈ కార్యక్రమంలో చేరిన ఇతర దేశాలలోనివి గాని కావచ్చు. ఒకటైనా సభ్యదేశానిదై ఉండాలి. బ్రిటన్ సమాఖ్య నుండి వైదొలిగాక కొంతకాలం బయట ఉండి, 2024 జనవరి నుండి మళ్ళీ ఈ కార్యక్రమంలో చేరింది. భారతదేశపు సంస్థలు నేరుగా నిధులు పొందే సభ్యులు కాలేవు కాని, సహభాగస్వాములుగా చేరి విద్యార్థిని కొంతకాలం తమ వద్ద ఉంచుకొని శిక్షణ ఇవ్వవచ్చు. కూటమి ఒక పరిశోధనా విషయాన్ని ఎన్నుకొని, పది పదిహేనుగురు విద్యార్థులకు వేర్వేరు ఉపవిషయాలు నిర్ణయించి దరఖాస్తు చేస్తుంది. పారిశ్రామిక డాక్టరేటు అయితే ప్రతి విద్యార్థి తన కాలంలో కనీసం సగం విద్యారంగానికి వెలుపలి సంస్థలో పనిచేయాలి. విశ్వవిద్యాలయం నుండి ఒకరు, ఆ సంస్థ నుండి ఒకరు ఉమ్మడిగా మార్గదర్శకులుగా ఉంటారు. పట్టా ఇచ్చేది మాత్రం విశ్వవిద్యాలయమే.

పోటీ సామాన్యమైనది కాదు. 2024 ప్రకటనకు అన్ని రకాల డాక్టొరల్ నెట్‌వర్కులకూ కలిపి 1400 పైచిలుకు దరఖాస్తులు రాగా 149 మాత్రమే ఎంపికయ్యాయి. వాటికి అందినది 60 కోట్ల యూరోలకు పైగా. ఇది సంస్థల మధ్య పోటీ అని గుర్తుంచుకోవాలి. విద్యార్థి పోటీ ఆ తరువాత మొదలవుతుంది.

డబ్బు లెక్క తల్లిదండ్రులు జాగ్రత్తగా చూడవలసినది. 2021 ప్రకటనలో విద్యార్థికి నెలకు 3400 యూరోలు జీవన భత్యం, 600 యూరోలు వలస భత్యం నిర్ణయించారు. వివాహితులకు, పిల్లలు ఉన్నవారికి కుటుంబ భత్యం వేరుగా ఉన్నది. తరువాతి ప్రకటనలలో జీవన భత్యం పెరిగింది. ఈ అంకెను రూపాయలలోకి మార్చి ఊరంతా చెప్పుకునే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, ఈ భత్యాన్ని ఆయా దేశపు జీవన వ్యయాన్ని బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. డెన్మార్కులో అది పెరుగుతుంది, బల్గేరియాలో తగ్గుతుంది. రెండవది, ఈ మొత్తంలో నుండే పన్నులు, బీమా, యజమాని కట్టవలసిన వాటా కూడా మినహాయిస్తారు. చేతికి వచ్చేది ఇంతకంటె బాగా తక్కువ. అయినా ఆ మినహాయింపుల వల్లనే ఆరోగ్య బీమా, సెలవులు, ప్రసూతి హక్కులు ఉద్యోగితో సమానంగా లభిస్తాయి. శిక్షణ, ప్రయాణాలు, ప్రయోగ సామగ్రి కోసం సంస్థకు నెలకు 1600 యూరోలు విడిగా ముట్టుతాయి, అవి జీతంలో నుండి కోసేవి కావు.

ఇక అర్హత. ఇక్కడ సరిహద్దు కుటుంబాలకు ఒక విచిత్రం కనిపిస్తుంది. మన పిల్లలు ఒక రాష్ట్రంలో పుట్టి, పది మైళ్ళ అవతలి మరొక రాష్ట్రంలో చదివి, చివరికి రెండు చోట్లా స్థానికేతరులై సీట్లు పోగొట్టుకున్న ఉదాహరణలు ఎన్నో. ఈ పథకంలో స్థానికులకే చోటు లేదు. నియామకానికి ముందు 36 నెలలలో ఆ దేశంలో 12 నెలలకు మించి నివసించినవారు, లేదా ముఖ్యమైన వృత్తి గాని చదువు గాని అక్కడ సాగించినవారు అనర్హులు. జాతీయతతో నిమిత్తం లేదు. జర్మనీ యువకుడు జర్మనీలో చేరలేడు, స్పెయిన్‌లో చేరగలడు. యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాల పిల్లలకూ, భారత పౌరులకూ నియమం ఒక్కటే. మనవారు తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే. జర్మనీలో రెండేళ్ళు మాస్టర్స్ చదివిన విద్యార్థి వెంటనే జర్మనీలోని పోస్టుకు అర్హుడు కాడు. అదే కూటమిలో నెదర్లాండ్సులోనో ఇటలీలోనో ఉన్న పోస్టుకు దరఖాస్తు చేయాలి. ఇంటిదగ్గరే ఎం.టెక్. పూర్తి చేసినవారికి అన్ని దేశాలూ తెరిచే ఉంటాయి. సరిహద్దుల మీదుగా మనుషులను కదిలించడమే పథకం ఉద్దేశం గనుక ఈ నియమం పెట్టారు. ఐరోపాకు వెలుపలి దేశాలలో ఈ పథకం కింద ఎక్కువమంది ఎంపికవుతున్న వాటిలో భారతదేశం ఒకటి.

అప్పటికే డాక్టరేటు ఉన్నవారు పనికిరారు. వయోపరిమితి లేదు. దరఖాస్తు సమాఖ్యకు కాదు, నియమించే విశ్వవిద్యాలయానికి గాని కంపెనీకి గాని నేరుగా పంపాలి. పోస్టుల ప్రకటనలు యూరాక్సెస్ అనే సమాఖ్య వెబ్‌సైటులో ఉచితంగా కనిపిస్తాయి. మధ్యవర్తికి ఇందులో చేయగలిగిన పని ఏమీ లేదు. లక్ష రూపాయలు కడితే సీటు ఇప్పిస్తామనేవారు ఎవరైనా ఎదురైతే, ఏ ప్రకటన, ఏ సంస్థ, ఏ పర్యవేక్షకుడు అని అడగండి. జవాబులోనే తెలిసిపోతుంది.

లోపాలు లేవని చెప్పలేము. అన్నిటికంటె పెద్దది కాలపరిమితి. నిధులు సాధారణంగా 36 నెలలకే లభిస్తాయి. అనేక విశ్వవిద్యాలయాలలో పిహెచ్‌డి నాలుగేళ్ళకు గాని తెమలదు. పైగా పారిశ్రామిక విద్యార్థి రెండు దేశాల మధ్య ఇల్లు మారాలి, రెండు వీసాలు చూసుకోవాలి, ఇద్దరు మార్గదర్శకుల అభిరుచులను సమన్వయం చేసుకోవాలి. నాలుగవ సంవత్సరం జీతం ఎవరు ఇస్తారన్నది చేరకముందే లిఖితపూర్వకంగా అడగవలసిన ప్రశ్న. చాలామంది మొహమాటంతో అడగరు. రెండవ చిక్కు రహస్యం. విశ్వవిద్యాలయం ఫలితాన్ని ప్రచురించమంటుంది, కంపెనీ పేటెంటు వచ్చేదాకా ఆగమంటుంది. ఈ వివాదం రాకుండా కూటమి ముందే ఒప్పందం రాసుకుంటుంది. విద్యార్థి దానిని చదివి తీరాలి, ఎందుకంటే ఆలస్యమయ్యేది అతని సిద్ధాంత వ్యాసమే. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో, కంపెనీ పేరు ఎంత పెద్దదన్న దానికంటె, అక్కడి మార్గదర్శకుడికి వారానికి ఒక గంట కేటాయించే తీరిక ఉన్నదా అన్నదే ముఖ్యం.

ఈ ఆలోచన సమాఖ్యకు ముందే కొన్ని దేశాలలో ఉన్నది. డెన్మార్కు 1970 దశకం ఆరంభం నుండే పరిశ్రమలలో పరిశోధకులకు శిక్షణ ఇస్తున్నది. ఫ్రాన్సులో 1981 నుండి 'సిఫ్ర్' అనే పథకం నడుస్తున్నది. అక్కడ కంపెనీయే విద్యార్థిని మూడేళ్ళకు ఉద్యోగిగా తీసుకుంటుంది, ప్రభుత్వం ఆ కంపెనీకి ఏటా 14,000 యూరోల సాయం చేస్తుంది. ఇందులో వలస నియమం లేదు. ఫ్రాన్సులోనే మాస్టర్స్ చదివి క్యూరీ పథకానికి అక్కడ అనర్హులైనవారు దీనిని చూడవచ్చు. అయితే కంపెనీని, ప్రయోగశాలను ఒప్పించుకోవడం చాలావరకు విద్యార్థి చొరవ మీదనే ఆధారపడుతుంది.

కాలక్రమం గురించి ఒక మాట. సంస్థల కోసం సమాఖ్య ప్రకటన సాధారణంగా మే నెలాఖరులో వెలువడి నవంబరులో ముగుస్తుంది. ఫలితాలు మరుసటి వసంతంలో తెలుస్తాయి. ఎంపికైన కూటములు ఆ తరువాత ఒప్పందాలు ముగించుకొని విద్యార్థుల పోస్టులు ప్రకటిస్తాయి. అందువల్ల వేసవిలో పరీక్షలు రాసిన విద్యార్థి ఆ సంవత్సరం చివరినుండి మరుసటి వేసవి వరకు యూరాక్సెస్‌ను వారం వారం గమనిస్తూ ఉండాలి. ప్రస్తుత కార్యక్రమం 2027తో ముగుస్తుంది. 2028 నుండి 2034 వరకు సాగే తరువాతి కార్యక్రమానికి మొత్తం 17,500 కోట్ల యూరోలు కేటాయించాలని ఐరోపా కమిషన్ 2025 జూలైలో ప్రతిపాదించింది. దానిపై తుది నిర్ణయం సభ్యదేశాలదీ, ఐరోపా పార్లమెంటుదీ.