బయోస్ చిప్ రీప్రోగ్రామింగ్

మదర్‌బోర్డు మీది బయోస్ చిప్‌లో చెడిపోయిన, కంప్యూటరును లేపే ప్రోగ్రామును బయటి పరికరంతో చెరిపి, సరైనదాన్ని తిరిగి ఎక్కించే పనిని బయోస్ రీప్రోగ్రామింగ్ అంటారు. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. ‘నో డిస్‌ప్లే’ అని మూలన పడేసిన ఇలాంటి బోర్డుల్లో కొన్నింటిలో పాడైంది చిప్ కాదు, అందులోని రాత. బయోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోవడం, వేరే మోడల్ ఫైలు ఎక్కించడం ఇందుకు మామూలు కారణాలు. ర్యామ్ వదులైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి ముందు దాన్ని తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. తేదీ, సమయం మాత్రమే వెనక్కి పోతుంటే అది సీఆర్2032 సెల్ అయిపోయిన గుర్తు. చిప్ జోలికి పోనక్కర్లేదు.

బయోస్ అన్న మాట 1970ల్లో గ్యారీ కిల్డాల్ తయారుచేసిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్‌తో వాడుకలోకి వచ్చింది. ఒకప్పటి ఈప్రామ్ చిప్‌లకు పైన చిన్న గాజు కిటికీ ఉండేది. అతినీలలోహిత కాంతి కింద పెడితేనే పాత రాత చెరిగేది. ఫ్లాష్ మెమరీ వచ్చాక సాఫ్ట్‌వేర్‌తోనే మార్చే వీలు కలిగింది, వైరస్‌లకూ దారి దొరికింది. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ 1998లో రాసిన సీఐహెచ్ వైరస్, 1999 ఏప్రిల్ 26న ఎన్నో కంప్యూటర్ల బయోస్‌ను చెరిపేసింది. అప్పట్లో చిప్ సాకెట్‌లో ఉండేది గనుక, అదే మోడల్ మరో కంప్యూటరు నడుస్తుండగానే దాని చిప్ పీకి, పాడైనదాన్ని అందులో గుచ్చి రాసేవారు. గుండె గట్టిదనం ఉన్నవాళ్ల పని అది.

ఇప్పటి బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది ఎనిమిది కాళ్ల 25 సిరీస్ చిప్. డబ్ల్యూ25క్యూ64లో 8 మెగాబైట్లు, డబ్ల్యూ25క్యూ128లో 16 మెగాబైట్లు పడతాయి. ఇంట్లో ఈ పనికి యూఎస్‌బీకి తగిలించే సీహెచ్341ఏ ప్రోగ్రామర్, చిప్‌ను పట్టుకునే క్లిప్, మరో కంప్యూటరు ఉంటే చాలు. సిద్దిపేటలో ఉన్నవారు వీటిని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. చూసి కొనాలంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే చోటు ఉంది. రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు. జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగితే దగ్గరే. 2023 అక్టోబరులో సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు కూడా మొదలైంది. బయల్దేరే ముందు చిప్ మీది నంబరు ఫొటో తీసుకోవాలి. చివరి అక్షరాలు మారితే వోల్టేజీయే మారిపోతుంది: డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌వీ 3.3 వోల్టులది, డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌డబ్ల్యూ 1.8 వోల్టులది. రెండోదానికి మధ్యలో అడాప్టర్ తప్పనిసరి. చవగ్గా దొరికే నల్ల సీహెచ్341ఏ బోర్డుల్లో మరో లోపం ఉంది. చిప్‌కు 3.3 వోల్టులే ఇస్తూ, డేటా తీగల మీద 5 వోల్టులు వదులుతాయి. మీటరుతో చూసుకోకుండా వాడకూడదు.

చార్జరు, బ్యాటరీ, సెల్ మూడూ తీసేశాకే క్లిప్ పెట్టాలి. చిప్ మూల చిన్న చుక్క ఒకటో కాలును చూపిస్తుంది. క్లిప్ ఎర్రతీగ అటువైపు రావాలి. తొందరపడి చెరపకూడదు. ముందు ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో పోల్చాలి. తేడా వస్తే కాంటాక్టు సరిగా లేదనో, క్లిప్ ఇచ్చే కరెంటును పక్కనున్న చిప్‌సెట్ లాగేస్తోందనో అర్థం. క్లిప్ సరిచేసినా తేడా పోకపోతే, హాట్ ఎయిర్‌తో చిప్ ఊడదీసి చదవాల్సిందే. చదివిన ఫైలులో అంతా ఎఫ్ఎఫ్ అనే కనిపిస్తే చిప్ ఖాళీ అయినా అయ్యుండాలి, కాంటాక్టే లేకపోయి అయినా ఉండాలి.

ఇలా చదివి తీసుకున్న పాత నకలును, అంటే డంప్‌ను, పారేసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నష్టం. నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబరు, చాలా లాప్‌టాప్‌ల విండోస్ కీ అందులోనే ఉంటాయి. కంపెనీ సైట్‌లో దొరికే అప్‌డేట్ ఫైలు చాలా మోడళ్లకు పూర్తి చిప్ నకలు కాదు. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే బోర్డు లేవదు. పాత డంప్‌లోని వివరాలను కొత్త ఫైలులోకి మార్చి, చెరిపి, ఖాళీ అయిందో లేదో చూసి, రాసి, చివర వెరిఫై చేయాలి. ఉచితంగా దొరికే ఫ్లాష్‌రామ్ ప్రోగ్రాముతో చదవడం, చెరపడం, రాయడం, సరిచూడడం అన్నీ అవుతాయి.

అన్నిటికీ క్లిప్ అక్కర్లేదు. కొన్ని గిగాబైట్ బోర్డుల్లో రెండో బయోస్ ఉంటుంది. కొన్ని అసూస్ బోర్డులు పెన్‌డ్రైవ్ నుంచే కోలుకుంటాయి. బూట్ గార్డ్ అమల్లో ఉన్న ఇంటెల్ లాప్‌టాప్‌లు మాత్రం కంపెనీ సంతకం లేని బయోస్‌ను ఒప్పుకోవు. మరిచిపోయిన బయోస్ పాస్‌వర్డ్ తీయడానికీ ఇదే పద్ధతి వాడతారు, దొంగ లాప్‌టాప్‌లూ ఈ దారినే వస్తాయి. తెలిసినవాళ్లు తెచ్చినా సరే, ముందు బిల్లు అడగండి.